గాలం రాడ్ గైడ్ల మరమ్మతు: ఏ దారం, ఏ పూత? తరచుగా అడిగే ప్రశ్నలు

సుంకేసుల, గాజులదిన్నె, పీఏబీఆర్, మైలవరం, బ్రహ్మంసాగర్ నీళ్ల దగ్గర గాలం వేసేవాళ్లు రాడ్లను బైకుకు కట్టుకుని వెళ్తారు, ఎండలో వదిలేస్తారు. దాంతో బ్లాంక్, అంటే రాడ్ కర్ర, బాగానే ఉన్నా, లైన్ దూరే రింగు ఉన్న గైడ్ వదులవుతుంది, దాన్ని రాడ్‌కు కట్టిన దారం చిట్లుతుంది, దారం మీది పూత పగులుతుంది. ఇవన్నీ ఇంట్లోనే బాగుచేసుకోదగ్గ పనులు. కాకపోతే పూత డబ్బాల మీద రాసి ఉండే గంటలు, నిమిషాలు చల్లని గదిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. మన రాయలసీమ ఎండకు వాటిలో చాలావాటిని మార్చుకోవాలి. కింది జవాబులన్నీ ఆ లెక్కలోనే ఉన్నాయి.

పూత పగిలింది. పైన ఇంకో పూత వేస్తే సరిపోదా? దారం మొత్తం విప్పాలా?

గైడ్‌ను రెండు వేళ్లతో పట్టి అటూఇటూ ఊపండి. కొంచెం కూడా కదలకుండా, దారం ఎక్కడా తెగకుండా, పూత మీద మాత్రమే సన్నని గీత ఉంటే విప్పక్కర్లేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక పలచని ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే పూత) ఒక పూత వేయండి. సెల్‌ఫోన్ రిపేరు షాపుల్లో బోర్డులు తుడిచే ఐపీఏ ఇదే. శానిటైజర్ వాడకండి, అందులోని గ్లిజరిన్ ఉపరితలం మీద ఉండిపోతుంది.

గైడ్ కదిలినా, పాదం (దారం కింద ఉండే గైడ్ కాలు) దగ్గర తుప్పు మరక కనిపించినా, పూత కింద పాలలా తెల్లబడినా విప్పాల్సిందే. కదిలే గైడ్ మీద కొత్త పూత వేస్తే ఒక పెద్ద బొచ్చె లాగేదాకే నిలుస్తుంది.

విప్పే ముందు రింగును కూడా చూడండి. చెవిలో పెట్టుకునే దూది పుల్లను రింగు లోపల చుట్టూ తిప్పితే, పగులు ఉన్నచోట దూది పోగు తగులుకుంటుంది. తగులుకుంటే గైడ్‌నే మార్చాలి. లేకపోతే ఎంత అందంగా దారం కట్టినా లైన్ తెగుతూనే ఉంటుంది.

పాత దారం, పూత ఎలా తీయాలి?

కొత్త బ్లేడుతో, గైడ్ లోహపు పాదం మీద మాత్రమే పొడవునా కోయండి. బ్లేడు బ్లాంక్ వైపు జారకూడదు. కార్బన్ బ్లాంక్ మీద పడిన చిన్న గాటు అప్పటికి కనబడదు, చేప లాగినప్పుడు రాడ్ అక్కడే విరుగుతుంది. కోసే ముందు హెయిర్ డ్రయ్యర్‌తో ఒక నిమిషం వేడి చేస్తే పూత మెత్తబడి, దారంతో పాటు పట్టీలా ఊడి వస్తుంది. పెయింట్ తీసే హీట్ గన్ వద్దు, ఆ వేడికి బ్లాంక్‌లోని రెసిన్ దెబ్బతింటుంది. అసిటోన్, థిన్నర్ కూడా వద్దు, బ్లాంక్ రంగు పోతుంది. మిగిలిన ముక్కలను పాత ఏటీఎం కార్డు అంచుతో గీకండి.

తర్వాత గైడ్ పాదం కొసను వేలితో తడమండి. మొద్దుగా ఉంటే సన్నని ఆకురాయితో పైనుంచి వాలుగా అరగదీసి, అడుగున గరుకు లేకుండా చూడండి. కొత్త గైడ్లలో కూడా చాలావాటికి ఇది అవసరమే. కొస మొద్దుగా ఉంటే దారం అక్కడ మెట్టు ఎక్కాలి, మెట్టు దగ్గర సందు మిగులుతుంది. రాడ్ వంగినప్పుడల్లా పూత ముందు పగిలేది ఆ సందు దగ్గరే. పూతను తప్పుపట్టే చాలా కేసుల్లో అసలు దోషం ఆకురాయి పెట్టకపోవడమే.

ఏ దారం వాడాలి? టైలర్ దారం పనికొస్తుందా?

మామూలు కుట్టు దారం వద్దు. కాటన్ అయినా, స్పన్ పాలిస్టర్ అయినా చిన్న చిన్న పోగులు పేనిందే కాబట్టి నూగు ఉంటుంది. పూత వేశాక ఆ నూగు ముళ్లలా పైకి లేస్తుంది. కావలసింది విడవని పోగుతో చేసిన ఫిలమెంట్ దారం.

రాడ్ల కోసమే అమ్మేవాటిలో రెండు రకాలు. సాదా నైలాన్ దారం మెరుస్తుంది, కొద్దిగా సాగుతుంది, చుట్టడానికి తేలిక. కానీ ఎపాక్సీ తగలగానే పారదర్శకమై రంగు ముదురుతుంది. ఎరుపు కాస్తా వక్క రంగవుతుంది, తెలుపు దాదాపు మాయమై కింది గైడ్ పాదం కనిపిస్తుంది. ఎన్‌సీపీ అని రాసి ఉన్న దారానికి రంగు నిలిచేలా ముందే పని చేసి ఉంటారు. మెరుపు తక్కువ, రంగు మాత్రం రీలు మీద చూసినట్టే ఉంటుంది.

మన ఊళ్లలో దొరికే ప్రత్యామ్నాయం కంప్యూటర్ ఎంబ్రాయిడరీ దారం. కర్నూలు, అనంతపురం, కడపల్లో మెషిన్ ఎంబ్రాయిడరీ చేసేవాళ్ల దగ్గర 40 నంబరు పాలిస్టర్ ఫిలమెంట్ కోన్లు ఉంటాయి. నూగు ఉండదు, బలం చాలు, ఎపాక్సీలో రంగు పెద్దగా మారదు. ఒక్క జాగ్రత్త: అదే బీరువాలో రేయాన్ దారం కూడా ఉంటుంది, చూడ్డానికి తేడా తెలియదు. రేయాన్ తడిస్తే బలం పోతుంది. కొస అంటించి చూడండి. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది, రేయాన్ కాగితంలా కాలి బూడిదవుతుంది.

ధర్మవరం పట్టు దారం?

వాడొచ్చు, పాతకాలపు వెదురు రాడ్లకు పట్టే కట్టేవాళ్లు. చాలా సన్నం కాబట్టి చుట్లు ఎక్కువ, ఓపిక కావాలి. వార్నిష్ తాగాక పట్టు దాదాపు గాజులా మారి లోపలి బ్లాంక్ రంగు బయటపడుతుంది. అది నచ్చేవాళ్లకే పట్టు. మగ్గానికి వాడే పోగులో పురి తక్కువగా ఉంటే చుట్టేటప్పుడు పరుచుకుని చీలుతుంది, పురి ఎక్కించిన దారం అడగండి. జరీ పోగు జోలికి పోకండి. లోపలి పోగు చుట్టూ రేకు చుట్టి చేస్తారు, గైడ్ పాదం ఎక్కేచోట ఆ రేకు విడిపోతుంది.

దారం సైజు ఏది? ఎంత పొడవు పడుతుంది?

కొర్రమీను, తిలాపియా కోసం వాడే తేలికపాటి స్పిన్నింగ్ రాడ్లకు ‘ఏ’ సైజు, అంటే సుమారు 0.15 మిల్లీమీటర్ల మందం. వాలుగ, పెద్ద బొచ్చె కోసం బరువు కట్టి విసిరే రాడ్లకు ‘డి’ సైజు, సుమారు 0.27 మిల్లీమీటర్లు. డి సైజు దారం త్వరగా చుట్టేయొచ్చు, కానీ చుట్ల మధ్య గాడి లోతు కాబట్టి పూత ఎక్కువ తాగుతుంది. తేలిక రాడ్ కొనకు డి కడితే కొన బరువెక్కి చేప కొరికింది తెలియదు.

పొడవు లెక్క తేలిక. కొన వైపు 5 మిల్లీమీటర్ల బ్లాంక్ మీద 15 మిల్లీమీటర్ల కట్టుకు ఏ సైజుతో 100 చుట్లు, చుట్టుకు సుమారు 17 మిల్లీమీటర్లు. మొత్తం 1.7 మీటర్లు. పిడి వైపు లావు బ్లాంక్‌కు ఒక్కో పాదానికి 6, 7 మీటర్లు కూడా పడుతుంది. కోన్ నుంచి ముందే కోయకండి, కోన్‌తోనే చుట్టండి. సగంలో దారం అయిపోతే అతుకు వేయలేం, మొదటి నుంచి చుట్టాలి.

ముడి వేయకుండా దారాన్ని ఎలా ముగించాలి?

ముందుగా గైడ్‌ను ఒక పాదం మీద సన్నని టేపుతో నిలబెట్టి, రెండో పాదం వైపు చుట్టడం మొదలుపెట్టండి. మొదలు ఎప్పుడూ బ్లాంక్ మీదే, పాదం కొసకు 4 మిల్లీమీటర్ల ఇవతల. దారం తోకను బ్లాంక్ పొడవునా పరిచి, దాని మీదుగా 5, 6 చుట్లు వేసి, తోక కోసేయండి. దారాన్ని తిప్పకుండా రాడ్‌నే తిప్పాలి. దారం లావుపాటి పుస్తకం పేజీల మధ్య నుంచి వచ్చేలా పెట్టి, పైన బరువు ఉంచితే బిగువు సమానంగా వస్తుంది.

కట్టు ముగియడానికి 8 చుట్లు ఉందనగా, ఒక జానెడు నున్నటి లైన్‌ను మడిచి ఉచ్చులా చేసి కట్టు మీద పెట్టండి. ఉచ్చు తల రింగు వైపు ఉండాలి. దాని మీదుగా మిగతా 8 చుట్లు వేసి, దారం జానెడు వదిలి కోసి, ఆ కొసను ఉచ్చులోకి దూర్చండి. వేలితో కట్టును అదిమిపట్టి ఉచ్చు రెండు కొసలనూ లాగితే దారం చుట్ల కిందికి వెళ్లిపోతుంది. బయటికొచ్చిన తోకను కొత్త బ్లేడుతో మొదలంటా కోయండి. ఇక్కడ మొండి బ్లేడు వాడితే తోక కుచ్చులా మిగిలి, పూత పైకి పొడుచుకొస్తుంది.

స్టీలు చెంచా వెనక భాగంతో కట్టును రుద్దితే చుట్లు దగ్గరపడి సందులు మూసుకుంటాయి. బిగువు ఎంతంటే, బొటనవేలితో గట్టిగా నెడితే గైడ్ కాస్త జరగాలి. అలా జరిపే వరుస సరిచూసుకుంటాం. అస్సలు జరగకపోతే మరీ బిగిసింది.

కలర్ ప్రిజర్వర్ తప్పనిసరా?

కాదు. మరమ్మతు పనికైతే వద్దనే చెబుతాం. సాదా నైలాన్ రంగును నిలబెట్టడానికి దారంలోకి ముందే ఈ పలచని ద్రవాన్ని పట్టిస్తారు. అది పోగుల మధ్య ఖాళీని నింపుతుంది కాబట్టి, తర్వాత వేసే ఎపాక్సీ దారంలోకి, గైడ్ పాదం పక్క సందులోకి పూర్తిగా దిగదు. రంగు దక్కుతుంది, గైడ్‌ను పట్టి ఉంచే బలం కొంత తగ్గుతుంది. పైగా 2, 3 పూతలు వేసి, ఆఖరి పూత తర్వాత కనీసం ఒక రోజు ఆరనివ్వాలి. సగం ఆరిన దాని మీద ఎపాక్సీ వేస్తే మచ్చలు మచ్చలుగా రంగు మారుతుంది, దాన్ని సరిచేసే దారి లేదు, విప్పుకోవాలి.

రాడ్ మీద మిగతా గైడ్ల దారం రంగుకు కొత్తది కలవాలంటే తేలిక ఉపాయం ఉంది. పాత పుల్ల మీద నాలుగు చుట్లు చుట్టి ఐపీఏ చుక్క వేయండి. తడిగా ఉన్నప్పుడు కనిపించే రంగే సుమారుగా ఎపాక్సీ తర్వాత వచ్చే రంగు. కంపెనీ రాడ్లలో ముదురు రంగు దారాలే ఎక్కువ. నలుపు, ముదురు నీలం, వక్క రంగు దారాలకు ఏ ప్రిజర్వరూ అక్కర్లేదు.

పూతల్లో ఏది మంచిది: ఎపాక్సీ, వార్నిష్, యూవీ రెసిన్?

రోజూ వాడే రాడ్‌కు రాడ్ ఫినిష్ అని అమ్మే రెండు సీసాల ఎపాక్సీ. ఒక సీసాలో రెసిన్, ఇంకోదాంట్లో దాన్ని గట్టిపరిచే హార్డెనర్ ఉంటాయి. రెండు పలచని పూతల్లో పని అయిపోతుంది, గట్టిపడ్డాక కూడా బ్లాంక్‌తో పాటు వంగుతుంది. అరల్డైట్ లాంటి అతికించే ఎపాక్సీలను దీనికి బదులు వాడతారు కానీ, అవి చిక్కన, పసుపు, దారంలోకి సరిగా దిగవు. 5 నిమిషాల రకమైతే ఒక పాదం పూర్తయ్యేలోపే తీగ సాగుతుంది. రెసిన్ ఆర్ట్ కోసం అమ్మేవాటిలో అచ్చులో పోసే రకం మరీ నీళ్లలా ఉండి కట్టు కిందికి జారిపోతుంది. పైపూత రకం ఫరవాలేదు, దాని నిష్పత్తి మాత్రం వేరే ఉంటుంది, డబ్బా చూసుకోండి.

పెయింట్ షాపులో దొరికే ఒంటి డబ్బా పీయూ (పాలీయూరిథేన్) వార్నిష్ చవక, కొలతల గొడవ లేదు, రాడ్ తిప్పుతూ కూర్చోనక్కర్లేదు. మొదటి పూతకు మూడో వంతు టర్పెంటైన్ కలిపి పలచన చేస్తే దారంలోకి బాగా దిగుతుంది. కానీ 6 నుంచి 8 పూతలు కావాలి, పూతకూ పూతకూ ఒక రోజు. వెదురు రాడ్లకు, పాత రాడ్ రూపం చెడకూడదనుకునేవాళ్లకు ఇదే సరైనది. రెండు డబ్బాల పీయూలో పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్ ఉంటుంది, తగిన మాస్కు లేకుండా ఇంట్లో ఆ పని పెట్టుకోవద్దు.

యూవీ రెసిన్ నెయిల్ ల్యాంపు కింద నిమిషాల్లో గట్టిపడుతుంది. ముదురు దారం వెలుగును అడ్డుకుంటుంది కాబట్టి అడుగున పచ్చిగా మిగిలే ప్రమాదం ఉంది. అందుకే కట్టుకు ఇది మొదటి పూతగా పనికిరాదు, పగులు పూడ్చడానికి బాగుంటుంది. కిటికీ దగ్గర కూర్చుంటే మన ఎండకు బ్రష్ మీదే గట్టిపడిపోతుంది, ట్యూబ్‌లైటు కింద పని చేయండి. నెయిల్ పాలిష్, ఫెవిక్విక్ ఆ పూట గడవడానికే.

ఎండాకాలంలో ఎపాక్సీ కలపగానే గట్టిపడిపోతోంది. ఏం చేయాలి?

ఎపాక్సీ గట్టిపడే వేగం ప్రతి 10 డిగ్రీలకు దాదాపు రెట్టింపవుతుందని స్థూలంగా లెక్క వేసుకోండి. డబ్బా మీద 25 డిగ్రీల దగ్గర 25 నిమిషాలని ఉంటే, 40 డిగ్రీల మధ్యాహ్నం పది నిమిషాలు కూడా రావు. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం 6 లోపు పని ముగించండి, లేదా ఏసీ గదిలో చేయండి. కూలర్ గది మాత్రం వద్దు. కూలర్ గాలిలో తేమ ఎక్కువ, ఆ తేమ హార్డెనర్‌తో కలిసి పూత మీద జిడ్డు పొర కడుతుంది.

కొలత దగ్గర పిసినారితనం పనికిరాదు. ఒక గైడ్‌కు అర మిల్లీలీటరు చాలు, అయినా 3 మిల్లీలీటర్లు రెసిన్, 3 మిల్లీలీటర్లు హార్డెనర్ తీసుకోండి. సిరంజి మీద 0.1 తేడా వస్తే 3లో అది 3 శాతం పొరపాటు, అదే అర మిల్లీలీటరులో 20 శాతం. మిగిలింది పారేయండి. ప్రతి సీసాకూ వేరే సిరంజి. మెడికల్ షాపులో దొరికే నల్ల రబ్బరు ఉన్న సిరంజిలకు సిలికాన్ నూనె పూసి ఉంటుంది, అది కలిస్తే పూత అక్కడక్కడా విడిపోయి గుండ్రటి గుంటలు పడతాయి. రబ్బరు లేని, పూర్తి ప్లాస్టిక్ సిరంజిలు అడగండి. తూకం వేసి కలపాలనుకుంటే, 1:1 అని రాసింది ఘనపరిమాణానికి అయినప్పుడు బరువులు సమానం కావని గుర్తుంచుకోండి. రెసిన్ బరువు ఎక్కువ.

గిన్నె అడుగు, అంచులు గీకుతూ 3 నిమిషాలు నెమ్మదిగా కలపండి. గిలక్కొడితే గాలి బుడగలు. కలిపిన వెంటనే వంటింటి అల్యూమినియం ఫాయిల్ మీద పలచగా పోసేయండి. గిన్నెలో కుప్పగా ఉంటే సొంత వేడికే ఇంకా త్వరగా గట్టిపడుతుంది. ఫాయిల్ మీద పరుచుకుంటే వేడి పోతుంది, బుడగలు కూడా పైకి తేలి పగులుతాయి.

మొదటి పూతను పలచగా వేసి, గైడ్ పాదానికి రెండు పక్కలా ఉన్న సొరంగం లాంటి సందులు నిండేదాకా అక్కడే బ్రష్‌తో చుక్కలు అందించండి. ఆ గాలి బయటికి రాకపోతే తర్వాత గంటల తరబడి బుడగలు వస్తూనే ఉంటాయి. పూత దారం అంచు దాటి బ్లాంక్ మీదికి ఒక మిల్లీమీటరు వెళ్లాలి, నీళ్లు దూరేది ఆ అంచు నుంచే. పది నిమిషాల తర్వాత అడుగున వేలాడే చుక్కను బ్రష్‌తో తీసేయండి. రెండో పూత మర్నాడు. ఒకే మందపాటి పూత వేద్దామనుకుంటే మధ్యలో ఉబ్బి, రాడ్ మీద గుమ్మడికాయ కూర్చున్నట్టుంటుంది.

చలికాలంలో?

డిసెంబరు, జనవరి ఉదయాల్లో రెసిన్ తేనెలా చిక్కబడుతుంది, ఒక్కోసారి అడుగున తెల్లటి పలుకులు కడుతుంది. మూత బిగించి గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు పెట్టండి. పలుకులుంటే పూర్తిగా తేటపడేదాకా ఉంచి, చల్లారాక వాడండి.

తిప్పడానికి మోటర్ కొనాలా?

ఒక్క గైడ్‌కు అక్కర్లేదు. రెండు అట్టపెట్టెలకు ‘వి’ ఆకారంలో గాడి కోసి, రాడ్ పడుకోబెట్టి, మొదటి గంట 2, 3 నిమిషాలకోసారి సగం చుట్టు తిప్పండి. తర్వాత పూత కారడం ఆగేదాకా పది నిమిషాలకోసారి. ఎండాకాలంలో ఇది గంటన్నర, రెండు గంటల్లో అయిపోతుంది, చలికాలంలో నాలుగైదు గంటలు.

నాలుగైదు రాడ్లు చేసేవాళ్లకు ఎయిర్ కూలర్ స్వింగ్ మోటర్ చక్కగా సరిపోతుంది. ఎలక్ట్రికల్ షాపుల్లో విడిగా దొరుకుతుంది, నిమిషానికి ఐదారు చుట్లు తిరుగుతుంది. ఒకసారి అటు, ఒకసారి ఇటు మొదలవుతుంది, దాంతో మనకు ఇబ్బంది లేదు. 230 వోల్టుల వైర్లు కాబట్టి కనెక్షన్లు పెట్టెలో మూసి ఉండాలి. కరెంటు పోతే లేచి చేత్తో తిప్పాలి, అందుకే మోటర్ పెట్టి నిద్రపోవద్దు.

పూత మర్నాటికి కూడా అంటుకుంటోంది. ఏం తప్పు జరిగింది?

నిష్పత్తి తప్పింది, లేదా సరిగా కలవలేదు. హార్డెనర్ ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడుతుందనుకోవడం పొరపాటు, మిగిలిన హార్డెనర్ ఎప్పటికీ మెత్తగానే ఉంటుంది. వేలు పెడితే బంకగా మాత్రమే ఉంటే, కొలిచి కలిపిన కొత్త పూత పైన వేయండి, చాలాసార్లు కుదురుతుంది. ఇంకా ద్రవంలా ఉంటే ఐపీఏ గుడ్డతో తుడిచేసి మళ్లీ మొదలుపెట్టాలి. పైన జిడ్డు పొర మాత్రమే ఉండి లోపల గట్టిగా ఉంటే అది తేమ పని, సబ్బు నీళ్లతో కడిగితే పోతుంది.

బుడగలకు స్పిరిట్ దీపం మంటను క్షణం పాటు పూత కిందగా పోనివ్వండి, ఆపొద్దు. కొవ్వొత్తి వద్దు, మసి అంటుతుంది. ఐపీఏ సీసా అప్పటికి వేరే గదిలో ఉండాలి. ఆషాఢం గాలికి అనంతపురం వైపు దుమ్ము తప్పదు. తలుపులు మూసి, నేల తడిగుడ్డతో తుడిచి, నేల ఆరాకే ఎపాక్సీ కలపండి. అయినా దుమ్ము పడితే, గట్టిపడ్డాక 600 నంబరు నీటి ఎమెరీతో లేతగా రుద్ది మరో పలచని పూత.

ఎప్పటినుంచి చేపలు పట్టొచ్చు?

ఒక రోజుకు రాడ్‌ను చేత్తో పట్టుకోవచ్చు, చేపలు పట్టడానికి మాత్రం పూత పూర్తిగా గట్టిపడేదాకా ఐదారు రోజులు ఆగండి. ఆ తర్వాత కూడా ఎండలో మూసి ఉన్న కారులో రాడ్ వదలొద్దు. లోపలి వేడి 60 డిగ్రీలు దాటగలదు, గది వేడిలో గట్టిపడిన ఎపాక్సీలు అంతలోపే మెత్తబడతాయి. అప్పుడు రాడ్ మీద ఏది ఒరిగి ఉంటే దాని అచ్చు పడుతుంది, బిగించి కట్టి ఉంటే గైడ్ పక్కకు తిరుగుతుంది.

కొన గైడ్‌కూ ఇదే పద్ధతా?

కాదు, దానికి దారం తప్పనిసరి కాదు. గొట్టం లోపలి వ్యాసంతో కొంటారు, సైజు అంగుళంలో 64వ వంతుల్లో చెబుతారు. 4.5 అంటే సుమారు 1.8 మిల్లీమీటర్లు. కరిగే జిగురు కడ్డీతో అతికించండి. పాతది తీసేటప్పుడు లోహపు గొట్టాన్నే వేడి చేయాలి, బ్లాంక్‌ను కాదు. ఫెవిక్విక్‌తో అతికిస్తే రేపు మార్చాల్సి వచ్చినప్పుడు కొన విరుగుతుంది.

గట్టు మీద ఉండగానే గైడ్ ఊడిపోతే?

రాడ్ తుడిచి, గైడ్‌ను వరుసలో పెట్టి, లైన్‌నే పాదం మీద 20, 30 చుట్లు బిగించి, పైన కరెంటు టేపు సాగదీసి చుట్టండి. ఆ రోజుకు సరిపోతుంది. ఇంటికి రాగానే విప్పేయండి. ఎండకు టేపు జిగురు కరిగి బ్లాంక్‌కు పడుతుంది, ఐపీఏతో అది మొత్తం పోయేదాకా తుడవకపోతే తర్వాత వేసే ఎపాక్సీ అక్కడ అంటదు.